మూడో తరగతికి మూడు రోజుల డెమో

శ్రీనగర్ కాలనీ,
ఏప్రిల్ 25.

విజయేందర్ గారికి,

నమస్కారమండీ. నేను మీ మనవరాలు మన్విత క్లాస్ టీచర్ని, కుసుమకుమారిని. మీ పింకీ టీచర్ని అంటే తొందరగా తెలుస్తుందేమో. రోజూ బడి గేటు దగ్గర స్కూటర్ ఆపి, కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి, "ఇంక విడువలేదా మేడం?" అని మీరు అడుగుతారు చూడండి, "ఇంకా లేదండీ" అనేదాన్ని నేనే.

ఫోనుండగా ఉత్తరమేంటి అనుకోకండి. మా క్లాసు వాట్సాప్ గ్రూపులో ఒక రబ్బరు ఎవరిదన్న విషయం మీద ఇద్దరు తండ్రులు మాటామాటా అనుకున్నాక ఆ గ్రూపు మూసేశాం. అయినా ఏటా సెలవులు ఇవ్వగానే, రెండో తరగతి అయిపోయిన ప్రతి పిల్ల ఇంటికీ ఒక ఉత్తరం రాయడం నాకు అలవాటు.

జూన్‌లో పింకీ మూడుకి వెళ్తుంది. మూడు అంటే మేడ మీద. సాయంత్రం దాకా బడి. నాలుగు గీతల పుస్తకం పోయి ఒంటి గీత పుస్తకం వస్తుంది. కొత్తగా ఈవీఎస్, హిందీ కూడా ఉంటాయి. టిఫిన్ డబ్బా మూత తీసిపెట్టే ఆయమ్మ కిందనే ఉండిపోతుంది. అంచేత ఈ సెలవుల్లో పాఠాలేం వద్దు. డబ్బా మూత తనే తీసుకోవడం, బూటు లేసులు కట్టుకోవడం, సంచి సర్దుకోవడం అలవాటు చేయండి. రోజూ కాసేపు ఏదైనా పైకి చదివించండి. అంతే చాలు.

ఒక్క సంగతి మాత్రం దాచుకోలేక రాస్తున్నాను. ఆఖరి రోజు పిల్లలందరూ టాటా చెప్పి పరిగెత్తారు. పింకీ బెంచీ పట్టుకుని కూర్చుంది. "నేను మూడుకి పోను మిస్" అంది. ఎందుకమ్మా అంటే నా ముఖంలోకి అదోలా చూసి ఏడ్చింది. ఎంత అడిగినా చెప్పలేదు. చదువులో పిల్లకి ఏ ఇబ్బందీ లేదు. మరి ఏం భయమో, జూన్‌లో మెట్ల దగ్గర మొండికేస్తే ఏం చేయాలో నాకు పాలుపోవడం లేదు. కారణం మీరు మెల్లిగా కనుక్కోండి.

ఇట్లు,
కుసుమకుమారి

తా.క.: ఫిబ్రవరిలో ఊడిన పింకీ పన్ను ఒకటి నా దగ్గరే ఉంది. "దాచిపెట్టండి మిస్" అని ఇచ్చింది. అగ్గిపెట్టెలో ఉంచాను. పోస్టులో పంపమంటారా?

*

అమీర్‌పేట,
మే 2.

గౌరవనీయులైన కుసుమకుమారి మేడం గారికి విజయేందర్ నమస్కరించి రాసేది.

మీ ఉత్తరం చేరింది. శ్రీనగర్ కాలనీ నుంచి మా ఇంటికి నడిచొస్తే అరగంట. ఉత్తరానికి వారం పట్టింది. పాపం, దానికి సుత పంజాగుట్ట చౌరస్తా తగులుతది కద.

నా కొడుకు, కోడలు ఇద్దరూ బేగంపేటల ఆఫీసులకు పోతరు. అందుకని పింకీ బడి సంగతులన్నీ నావే. నాది మైత్రీవనం వెనుక గల్లీల బాయ్స్ హాస్టల్. పైన కంప్యూటర్ కోర్సులు నేర్చుకునే పిల్లలు, కింద మేము. ఎన్నో ఏండ్ల సంది చూస్తున్న మేడం, అమీర్‌పేటల కోచింగ్ లేని విద్య అంటూ లేదు. అసొంటి జాగల ఉండి, నా మనుమరాలికి మూత తీసుడు ఒక్కటి నేర్పి ఊకుంటనా? మీరు జర కూడా ఫికర్ చేయకండి. బ్యాచ్ స్టార్ట్ అయింది.

పొద్దున జావా పిల్లలు ఎక్కాలు చెప్తరు. టిఫిన్ అయినంక డేటా సైన్స్ పిల్లగాడు ఈవీఎస్. లేసులు, డబ్బా మాత్రం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకునే పిల్లగానికి అప్పజెప్పిన. వాడు పింకీతోని మూత తీయించి, పెట్టించి, డబ్బా తలకిందులు చేయించి, ఎక్కడ కారుతుందో రిపోర్టు రాస్తడు. మొదటిరోజు పప్పు కారింది. నా అంగీ మీదనే కారిందని రిపోర్టుల రాసిండు.

మీతోని రెండు విన్నపాలు ఉన్నయి. ఒకటి, మూడో తరగతి మెటీరియల్ జిరాక్స్ ఉంటే పంపండి. రెండోది డెమో. మా దగ్గర డెమో చూడకుండ ఎవరూ ఏ కోర్సుల చేరరు. మూడు రోజులు ఊరికెనే కూసుండి వింటరు, నచ్చితేనే చేరుతరు. మా పింకీకి సుత పైఅంతస్తుల మూడు రోజుల డెమో ఇప్పించండి. అక్కడ రత్నమాల మేడం ఫ్యాకల్టీ అని విన్న. ఆమెకు ఎన్నేండ్ల ఎక్స్‌పీరియెన్స్?

మూడుకు ఎందుకు పోవు బిడ్డా అని అడిగిన. "నేను సుత పోతే ఎట్ల తాతా?" అన్నది. ఇంకేం చెప్పలేదు.

ఈ కవర్ల పింకీ రాసిన పదమూడో ఎక్కం పెట్టిన. మిస్‌కే ఇయ్యాలె అని పట్టుబట్టింది.

ఇట్లు,
విజయేందర్

తా.క.: పన్ను ఇంటి కప్పు మీద పడేయాలె అంటది మా ఇంటామె చిలకమ్మ. మా కప్పు మీద వాటర్ ట్యాంకులు, హాస్టల్ పిల్లల బట్టలు. ఆ పన్ను ఎవని ప్యాంటు జేబుల పడ్తదో, వాడు ఇంటర్వ్యూకు పోయి రుమాలు తీస్తే ఏమైతదో. జర మీ దగ్గరనే ఉండనీయండి.

*

శ్రీనగర్ కాలనీ,
మే 9.

విజయేందర్ గారికి,

నమస్కారం. మీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత భయమేసింది. బాబ్బాబు, ఆ బ్యాచ్ ఆపేయండి. ఏడేళ్ళ పిల్లకి జావా వాళ్ళు, డేటా సైన్స్ వాళ్ళు ఎందుకండీ? అది మామిడిపండు తినాలి, చేతులు లంగాకి తుడుచుకుని తిట్లు తినాలి. సెలవులంటే అవే కదా.

బడిలో డెమోలు ఉండవు. రత్నమాల గారి ఎక్స్‌పీరియెన్స్ ఎంతో నేను అడగలేను. ఆవిడ నాకన్నా పెద్దవారు, పైగా మేమిద్దరం రోజూ ఒకే ఆటోలో వెళ్తాం.

పదమూడో ఎక్కం ముచ్చటగా రాసింది. ఒక్క చోట తప్పు పోయింది. ఎర్ర పెన్నుతో దిద్ది, కింద ఒక నక్షత్రం వేసి వెనక్కి పంపుతున్నాను. నక్షత్రం చూస్తే పొంగిపోతుంది.

"నేను పోతే ఎట్ల" అందన్నారు కదా. నాకు సంగతి అర్థమైందనుకుంటున్నాను. అవి మెట్లండీ. మా బడి మేడ మెట్లు బాగా ఎత్తు. వాటిని చూసి బెదిరి ఉంటుంది. నేను కూడా ఎప్పుడో గాని ఎక్కను. చేయి పట్టుకుని నాలుగు మెట్లు ఆడుతూ పాడుతూ ఎక్కించండి, భయం దానంతటదే పోతుంది.

ఇట్లు,
కుసుమకుమారి

తా.క.: పోనీ ఆ పన్నుని మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద వేద్దామని తాళం అడిగాను. ఏ పని మీదో రాసివ్వమన్నాడు అసోసియేషన్ సెక్రటరీ. "పన్ను వేయుటకు" అని రాసిచ్చాను. ఇంటి పన్ను కట్టడానికి టెర్రస్ తాళం ఎందుకని మీటింగు పెట్టబోతున్నారు.

*

అమీర్‌పేట,
మే 16.

కుసుమకుమారి మేడం గారికి,

మెట్లు అన్నరు. మంచిది. లిఫ్టు, ఎస్కలేటర్ రెండూ ఉన్న పంజాగుట్ట మెట్రో స్టేషన్‌కు తీసుకుపోయి, పనిగట్టుకుని మెట్ల మీద ఎక్కించిన. పింకీ ఎక్కింది, దిగింది, మళ్ళ ఎక్కింది. నేను నడుమల కూసున్న. సెక్యూరిటీ అమ్మాయి నాకు నీళ్ళు తాగించి, "పెద్దాయనని ఒక్కణ్ణే ఎట్ల తోలిండ్రు?" అని పింకీని కోపం చేసింది. కాబట్టి అది మెట్ల భయం కాదు.

తర్వాత హాస్టల్ పిల్లలు మాక్ ఇంటర్వ్యూ పెట్టిండ్రు. లుంగీల మీదనే టైలు కట్టుకుని కూసున్నరు.

"రెండో తరగతి ఎందుకు వదిలేస్తున్నారు?" అని అడిగిండ్రు.

"నేను వదుల్తలేను. మీరే వదులుమంటుండ్రు" అన్నది.

"ఐదేళ్ళ తర్వాత మీరు ఎక్కడుంటారు?"

"గీడనే. రెండుల."

ఇంత స్పష్టంగ జవాబు చెప్పినోళ్ళు మా హాస్టల్ల ఎవ్వరు లేరని సెలెక్ట్ చేసిండ్రు.

అయితే ఒక సంగతి నాకు అంతుబడ్తలేదు. పింకీ పొద్దున నేర్చుకున్నదంతా సాయంత్రం టెర్రస్ మీద హాస్టల్ పిల్లలకు చెప్తుంది. వాటర్ ట్యాంకే బోర్డు. "ఎందుకు బిడ్డా?" అంటే "చెప్పుడు ప్రాక్టీస్ చేస్తున్న" అంటది. ఎవరికి చెప్పెటందుకో చెప్పదు. మీ నక్షత్రం చూసి పొంగిపోతదన్నరు. పొంగలేదు. ఎక్కం అటు ఇటు తిప్పి చూసి, "గిట్లయితే లాభం లేదు తాతా" అని మూతి ముడుచుకున్నది.

ఇగ నిన్న అన్నం తినుకుంట ఒక మాట అడిగింది. "తాతా, తరగతి తప్పినోళ్ళకు సుత కోచింగ్ ఉంటదా?" చిలకమ్మ ఏడ్చి బల్కంపేట ఎల్లమ్మకు మొక్కింది.

మేడం, సీదా అడుగుతున్న. మా పింకీని తప్పించిండ్రా? తప్పించి, "ఏ ఇబ్బందీ లేదు" అని నాకు తియ్యగ ఉత్తరాలు రాస్తుండ్రా? ఆ సంగతి పిల్లకు తెలిసే మూడుకు పోనంటుందా? సమాధానం రాకపోతే హాస్టల్ పిల్లలందరిని తోల్కొని మీ బడి గేటు కాడికి వస్త. కొట్లాటకు కాదు, అడిగెటందుకే.

ఇట్లు,
విజయేందర్

తా.క.: పింకీ ఒక ప్రశ్నపత్రం తయారుచేసి మీకు పంపుమన్నది. నాకు కోపంగ ఉన్నా పిల్ల ఇచ్చింది గనుక పెడుతున్న.

ఇంకో తా.క.: తన పన్ను మిమ్మల్ని ఇప్పుడే అడగొద్దు అంటుంది పింకీ. "గది నా అడ్వాన్సు తాతా. రెండు ఖాళీ చేసేటప్పుడే తీసుకోవాలె." రూము ఖాళీ చేసేటోళ్ళు అడ్వాన్సు వాపస్ తీసుకునుడు చూసుకుంట హాస్టల్ల పెరిగిన పిల్ల, ఏం చేస్తం.

*

శ్రీనగర్ కాలనీ,
మే 22.

విజయేందర్ గారికి,

హాస్టల్ మొత్తాన్ని తీసుకురానక్కర్లేదండీ. మీరొక్కరే గట్టిగా అడిగినా నాకు ఏడుపొస్తుంది. నిజానికి ఉత్తరం చదివి వచ్చింది కూడా.

పింకీ తప్పలేదు. ఎల్లమ్మ తల్లి సాక్షిగా చెబుతున్నాను. క్లాసులో అందరికన్నా గడగడా చదివే పిల్ల అది. పంతొమ్మిదేళ్ళ నుంచి నేను రెండో తరగతిలోనే ఉన్నాను, ఇంతవరకూ ఒక్క పిల్లని తప్పించలేదు. తియ్యగా రాసి మోసం చేస్తానని మీరెలా అనుకున్నారు?

తప్పడం గురించి ఎక్కడ విందో నాకూ తెలియదు. మార్చిలో ఒకసారి ప్రిన్సిపాల్ గారు క్లాసులోకి వచ్చి, "కుసుమ గారూ, ఈసారైనా మూడుకి వెళ్తారా?" అని పిల్లల ముందే అడిగారు. "లేదు సార్, నేను రెండులోనే ఉంటాను" అన్నాను. ఆయన ఏటా అడుగుతారు, నేను ఏటా ఇదే అంటాను. దానికీ పింకీ మొండితనానికీ సంబంధం లేదనుకోండి, మాటల్లో మాటగా రాశాను.

ఎందుకు వద్దంటానని మీరు అడగలేదు. అయినా చెబుతాను, ఈ మధ్య మీకు రాయడం అలవాటైపోయింది. రెండో తరగతి నాకు కొట్టిన పిండి. మూడోవాళ్ళు ప్రశ్నలేస్తారు. చందమామ పగలు కూడా ఎందుకు కనిపిస్తాడు అంటే ఏం చెప్పను? రత్నమాల గారు చెప్పగలరు. అందుకని జూన్‌లో నా పిల్లల్ని మెట్ల మొదట దాకా తీసుకెళ్ళి వదిలేసి, పైకి చూస్తూ నిలబడతాను. మొదటి వారం పిట్టగోడ మీంచి వంగి చేతులూపుతారు. తర్వాత ఊపరు. వాళ్ళ తప్పేం లేదు. నాకే ఆ వారం అన్నం సయించదు.

ప్రశ్నపత్రం బాగుంది. "క్రింది వానిలో ఏవేని ఐదింటికి జవాబులు వ్రాయుము" అని భలే పెద్దరికంగా రాసింది. రెండు అక్షరదోషాలుంటే దిద్ది, "గుడ్" అని పెట్టి పంపుతున్నాను.

ఇట్లు,
కుసుమకుమారి

తా.క.: అడ్వాన్సు అని తెలిశాక అగ్గిపెట్టెలో ఉంచడం మర్యాద కాదనిపించి, పన్నుని కుంకుమ భరిణెలోకి మార్చాను. ఈ సంగతి మా వారికి చెప్పడం మరిచిపోయాను. పొద్దున్నే బొట్టు పెట్టుకోబోయి కేక పెట్టారు.

*

అమీర్‌పేట,
మే 29.

కుసుమకుమారి మేడం గారికి విజయేందర్ చేతులు జోడించి రాసేది.

కోపంల నోటికొచ్చింది రాసిన. మాఫ్ చేయండి. ఇప్పుడు అసలు సంగతి చెప్త, కూసుని చదవండి.

మీ ఉత్తరం చిలకమ్మకు పైకి చదివి వినిపిస్తున్న. పింకీ గడప మీద కూసుని మామిడిపండు చీకుతుంది. "పంతొమ్మిదేళ్ళ నుంచి రెండో తరగతిలోనే ఉన్నాను" అన్న కాడికి వచ్చిన. పింకీ చేతులకెల్లి టెంక కింద పడ్డది.

"పంతొమ్మిదిసార్లా తాతా?" అన్నది.

"ఏంది బిడ్డా?"

"మిస్ పంతొమ్మిదిసార్లు తప్పిందా? నేను రెండుసార్లే అనుకున్న!" అని బోరున ఏడ్చింది.

తప్పింది మీరు, మేడం. పింకీ లెక్కల మీరే తప్పిండ్రు. ప్రిన్సిపాల్ సారు "ఈసారైనా" అన్నడట, మీరు తల దించుకున్నరట. "అందరు పైకి పోతుండ్రు. మిస్ ఒక్కతే కింద ఉంటుంది. నేను సుత పోతే ఆమెకు ఎవరు చెప్తరు తాతా?" అని వెక్కుకుంట అడిగింది.

ఈ కోచింగ్ అంతా మీకోసమే. పదమూడో ఎక్కం మీరు బట్టీ పట్టాలని పంపింది, మీరు ఎర్ర పెన్నుతోని దిద్దిండ్రు. ప్రశ్నపత్రం మీరు జవాబులు రాయాలని పంపింది, మీరు దాంట్ల తప్పులు వెతికి "గుడ్" అని పెట్టిండ్రు. "పేపర్ రాయమంటే పేపర్‌నే దిద్దుతది. ఎట్ల పాసైతది?" అని పిల్ల బాధ.

దీంట్ల నా తప్పు సుత ఉన్నది. మా హాస్టల్ల పుట్టినప్పటి సంది పింకీ చూసేది ఒక్కటే. బ్యాచ్ వస్తది, నేర్చుకుంటది, ఉద్యోగం వస్తది, స్వీటు డబ్బా ఇచ్చి రూము ఖాళీ చేస్తది. ఉద్యోగం రానోడే ఉండిపోతడు. భీమవరం నుంచి వచ్చిన రవికాంత్ అని ఒక పిల్లగాడున్నడు. బంగారం అసొంటోడు. అన్ని కోర్సులు వచ్చు, తన తర్వాత వచ్చినోళ్ళకు తనే నేర్పుతడు, వాళ్ళు ఉద్యోగాలకు పోతరు. తను మాత్రం ఇంటర్వ్యూ అంటే ఏదో ఒక సాకు చెప్తడు. "భయమేం లేదు బాబాయ్ గారూ, ఇక్కడ మీ పప్పు నచ్చి ఉండిపోతున్నా" అంటడు.

నేను పింకీని ఒళ్ళె కూసుండబెట్టుకుని చెప్పిన. టీచర్లు తప్పరు బిడ్డా, పిల్లలే పైకి పోతరు, మిస్ ఇష్టపడే అక్కడ ఉన్నది అని. మొత్తం విన్నది. విని ఏమన్నదో తెలుసా?

"రవికాంత్ అన్న సుత గట్లనే చెప్తడు తాతా."

రవికాంత్ అక్కడనే అన్నం తింటున్నడు. లేచి చెయ్యి కడుక్కున్నడు.

మేడం, మీకు చెప్పేటంత చదువు నాకు లేదు. గని మీరు మెట్ల కాడ నిలబడి పైకి చూస్తనన్నరు చూడండి, రవికాంత్ సుత దోస్తుల సూట్‌కేసులు ఆటోల ఎక్కించి, ఆటో మలుపు తిరిగేదాంక గేటు కాడనే నిలబడతడు. ఆ మాట చదివినప్పటి సంది నాకు అదే యాదికొస్తుంది.

పింకీ మాత్రం ఒక్కటే మాట మీదున్నది. "మిస్ పోతే పోత. లేకుంటే పోను." ఎత్తుకుపోయి పైన దింపొచ్చు. మళ్ళ దిగొస్తది, దాని సంగతి నాకు తెలుసు.

ఇట్లు,
విజయేందర్

తా.క.: మూడు రోజుల డెమో మీకే ఇస్తనంటుంది పింకీ. సాయంత్రం, మా టెర్రస్ మీద. నచ్చితేనే చేరండి, బలవంతం లేదు. చిలకమ్మ సర్వపిండి చేస్తది.

*

శ్రీనగర్ కాలనీ,
జూన్ 13.

విజయేందర్ గారికీ, చిలకమ్మ గారికీ,

నమస్కారాలు. డెమో మూడో రోజు సాయంత్రం సర్వపిండి పొట్లం చేతిలో పట్టుకుని, ఏ సంగతీ చెప్పకుండా వెళ్ళిపోయాను. కోపం వచ్చిందనుకున్నారేమో. మాట్లాడితే ఏడ్చేస్తానని వెళ్ళిపోయానండీ. బోర్లించిన బకెట్ మీద కూర్చుని, పక్కన రవికాంత్, ఎదురుగా వాటర్ ట్యాంకు, పదమూడో ఎక్కంలో నేను మధ్యలో తడబడితే మీ పింకీ ఒక్క మాట అనలేదు. "ఏం కాదు మిస్, రేపు మళ్ళ చెప్త" అంది. ఇన్నేళ్ళుగా పిల్లలకి నేను చెప్పే మాటే అది. నాకు ఎవరైనా చెప్పడం అదే మొదలు.

మీ గల్లీ దాటకముందే ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చేశాను. థర్డ్ ఏ నాకిచ్చారు. పింకీ ఏ సెక్షనే కదా, అదొక్కటే నా ధైర్యం.

నిన్న మీరు గేటు దగ్గర నిలబడి చూశారు, మేమిద్దరం చేతులు పట్టుకుని మెట్లెక్కాం. ఎవరు ఎవర్ని ఎక్కించారో మాత్రం మీకు కనబడి ఉండదు. పైకి వెళ్ళాక ఏమైందో చెబుతాను. ఈ ఏడాది రెండు సెక్షన్ల పిల్లల్నీ కలిపి మళ్ళీ విడదీశారట. నోటీసు బోర్డు మీద చూస్తే పింకీ పేరు థర్డ్ బీలో ఉంది, రత్నమాల గారి క్లాసులో. ఇప్పుడు ఈ పిల్లకి ఎలా చెప్పాలి, మళ్ళీ ఏడ్చి మెట్లు దిగిపోతుందేమో అనుకుంటూనే, ధైర్యం చేసి వంగి చెప్పాను.

పింకీ బోర్డు చదువుకుంది. నా వైపు తిరిగింది.

"ఏం కాదు మిస్. నువ్వు పాసైనవ్ గద! ఇగ మంచిగ చదువుకో. ఏమన్న రాకపోతే బీ సెక్షన్ల అడుగు."

నన్ను ఇంతకాలం "మీరు" అనే పిల్లండీ. ఇప్పుడు ఇద్దరం ఒకే తరగతి కదా. సంచి భుజానికి తగిలించుకుని బీ సెక్షన్లోకి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. నేనే నా క్లాసులోకి వెళ్ళి బెంచీ పట్టుకుని నిలబడ్డాను.

మధ్యాహ్నం డబ్బా తీయబోతే ఎంత లాగినా మూత రాలేదు. ఎక్కడి నుంచి చూసిందో, పింకీ వచ్చింది. మూత తీసింది, పెట్టింది, తలకిందులు చేసింది, కారడం లేదని చూసుకుని మళ్ళీ తీసి నా ముందు పెట్టి వెళ్ళిపోయింది. పిల్లలు వెనక్కి చూడకపోతే నన్ను మరిచిపోయారని ఇన్నాళ్ళూ బాధపడ్డాను. వెనకాలే నేను కూడా వస్తున్నాననుకుంటారు కాబోలు. ఈసారి నిజంగానే వెళ్ళాను, అందుకు మీకు రుణపడి ఉంటాను.

చందమామ గురించి ఎవరూ అడగలేదు. ఒక బాబు మాత్రం తన చెప్పు ఎక్కడుందని అడిగాడు. మూడోవాళ్ళు కూడా నా పిల్లల్లాంటి వాళ్ళేనండీ.

ఇట్లు,
కుసుమకుమారి,
థర్డ్ ఏ

తా.క.: బడి వదిలాక పింకీ నా ముందుకొచ్చి చేయి చాచింది. "మిస్, రెండు ఖాళీ చేసిన గద. నా అడ్వాన్సు?" పొద్దున్నే కుంకుమ భరిణె హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకున్నాను లెండి, ఇచ్చేశాను. పన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "పెయింటింగ్ కింద ఏం కట్ చేయలేదు గద?" అంది. లేదమ్మా, ఎర్ర రంగు నా ఖర్చుతోనే వేయించానన్నాను. సంతోషించి, వెళ్తూ వెళ్తూ ఇంకో మాట చెప్పింది. మొన్న రవికాంత్ అన్న కూడా మిమ్మల్ని అడ్వాన్సు అడిగాడట కదా. నిజమేనా?